బాగున్న చేతికి చేసిన వైద్యం

మా ఆయన చేతిని నేనెలా పాడుచేశానో చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. చెప్పేటప్పుడు నాకే నవ్వొస్తుంది, పాపిష్టిదాన్ని.

మాది ధర్మవరం. ఆయన పట్టుచీరలు నేసేవాడు, నేను పక్కన కూర్చుని కండెలకు పట్టు చుట్టేదాన్ని. ఒక పొద్దున మగ్గం ముందు కూర్చున్న మనిషి నానిన గోనెసంచిలా కుడివైపుకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మా ఆడబిడ్డ ఉండే హిందూపురంలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితం మీద తలకాయ బొమ్మ గీసింది. అంతవరకూ మెదడంటే నాకు పొట్టేలు తలకాయ కూరలో కనబడేదే.

“చూడక్కా, పెద్ద మెదడుకు రెండు సగాలుండాయి. ఎనక కింద ఉండేది చిన్న మెదడు, మనం తూలకుండా చూసేది అదే. ఈ కింది కాండం ఊపిరినీ గుండెనూ చూసుకుంటాది. మీ ఆయనకు ఎడమ సగంలో రక్తనాళం మూసుకపోయినాది.”

ఎడమ పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఆ సున్నా చూడగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె ఇంకా ఏదేదో చెప్పింది. నేను ముక్కు చీదుకుంటూ తలూపాను. చివరి మాటలు మాత్రం చెవిన పడ్డాయి.

“మూడు పూటలా చేతికి బంతి ఇచ్చి పిసికించు. వేళ్లు సాగదీయి. ఈ మొదటి నెలలే ముఖ్యం. అశ్రద్ధ చేస్తే మళ్లా మగ్గం పట్టలేడు.”

ఇంటికొచ్చాక నా తెలివి మేల్కొంది. చీరలో లోపం కనబడితే చీరను రుద్దుతామా? పోగు తెగిన చోటికి పోయి ముడి వేస్తాం. ఇక్కడ తెగింది ఎడమ పక్క. కుడి చెయ్యి ఉత్త గుడ్డే కదా! అందుకని బంతి ఎడమ చేతికిచ్చాను. కుడి చేతిని పాత చీర ముక్కతో మెడకు కట్టి, గోడకు వేలాడే పటంలా కదలకుండా ఉంచాను.

“ఏమయ్యా, ఇంగో యాభై పిసుకుతావా?”

“సరే,” అనేవాడు కళ్లెర్రజేసి. తిరిగొచ్చిన మాట అదొక్కటే.

ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ సరే అనని మనిషి! జబ్బు చేసి బుద్ధొచ్చిందని మురిసిపోయాను.

ఆడబిడ్డ చూడ్డానికొచ్చి నోరు తెరిచింది. “వదినా, పడిపోయింది కుడిచెయ్యి గదా?”

“తెగిన పక్కనే ముడెయ్యాల. నువ్వేమన్నా డాక్టరమ్మవా?”

“కాదు.”

“అట్లయితే కాఫీ తాగి గమ్మునుండు.”

రెండు నెలల తర్వాత పెనుకొండ మీదుగా బస్సులో మళ్లీ హిందూపురం పోయాం. ఎడమ చేత్తో కమ్మీని ఉడుంలా పట్టుకున్న ఆయన్ని చూసి దారి పొడుగునా గర్వపడ్డాను.

డాక్టరమ్మ కట్టు విప్పింది. కుడి చేతి వేళ్లు ముడుచుకుని కొయ్యబారిపోయాయి.

“ఏ చేతికి చేయించినావక్కా?”

“మీరు సున్నా చుట్టిన పక్కే. ఎడమ.”

ఆమె ముఖం వాడిపోయింది. “ఎడమ మెదడు కుడి చేతిని ఆడిస్తాదక్కా. నరాలు దావలో అటుదిటు, ఇటుదటు దాటుకుంటాయి. ఆ పొద్దే చెప్పినా గదా!”

“ఆయన కూడా సరే సరే అన్న్యాడు గదా!”

“మాటను నడిపేది కూడా ఆ ఎడమ సగమే. వద్దనబోయినా నోట్లో అదే వస్తాది.”

మూడు పూటలా ఆ మనిషి నన్ను తిడుతుంటే నేను మురిసిపోయానన్నమాట.

“తప్పయిపాయ. కొట్టయ్యా నన్ను,” అన్నాను.

ఎడమ చెయ్యెత్తి నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు. చుక్కలు కనబడ్డాయి. నా వైద్యం ఎంత బాగా పనిచేసిందో అప్పుడు తెలిసింది! డాక్టరమ్మ గోడవైపు తిరిగింది. ఆయన సగం మూతితో నవ్వాడు.

తర్వాత ఏడాదిపాటు కుడి చెయ్యే పిసికాను. రెండు వేళ్లు కదిలాయి. పోగు పట్టేంత కాదు. మగ్గం విప్పేశాం. రెండోసారి జబ్బు మెదడు కాండాన్నే తాకింది. ఊపిరి ఆగిపోయింది.

మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా ఆయనకు పక్షవాతమొస్తే పడిపోయిన చెయ్యే పట్టుకుంటాను. ఈ ఒట్టు తప్పను. తప్పుదామన్నా ఇంట్లో మనిషి లేడు.