ఒడ్డు విడవని బతుకమ్మ

ఒక బడి నిండా ఆడపిల్లలు, వాళ్లను ఇళ్లకు తీసుకుపోవడానికి వచ్చిన అమ్మానాన్నలు, ఒక ప్రిన్సిపల్ మేడం, ఒక బస్సు కండక్టరు. ఇంతమందిని ఒక సాయంత్రం వాగు ఒడ్డున నిలబెట్టి, ఎవరూ అడుగు కదపకుండా చేసిన ఘనత నాది. మామూలుగా ఇలాంటి పనికి పోలీసులు రావాలి, లేదా వాగుకు వరద రావాలి. నాకు అరచేతిలో పట్టే మోటారు ఒకటి చాలింది. ఆ ఉపద్రవం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, కానీ నా ముందు కాదు.

మాది మధిర. మెకానికల్ డిప్లొమా, ఆపైన బీటెక్. నాకొక జబ్బుంది. ఏ పని కంట పడినా దాన్ని ముక్కలు చేసి, ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి, ఎక్కడ ఆలస్యమవుతోందో పట్టుకుంటాను. పెళ్లికి పోతే వడ్డన ఏ మూల నుంచి మొదలుపెడితే పంక్తి తొందరగా లేస్తుందో వంటవాళ్లకు చెప్తాను. అందుకే మా చుట్టాలు ఈ మధ్య నాకు శుభలేఖలు పెళ్లయ్యాక పంపుతున్నారు.

ఇలాంటివాణ్ని బూర్గంపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఆడపిల్లల గురుకులంలో కంప్యూటర్ టీచరుగా వేశారు. ఆ బడికొక ఆచారం ఉంది. దసరా సెలవులిచ్చే రోజు పిల్లలంతా కలిసి ఒకే ఒక్క పెద్ద బతుకమ్మను పేరుస్తారు. సాయంత్రం దాన్ని బడి వెనకున్న వాగులో విడుస్తారు. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా పాట ఆపకూడదు, సద్ది ముట్టకూడదు, ఎవరూ ఇంటిదారి పట్టకూడదు.

"ఆడబిడ్డను సాగనంపుకుంట నడుమల వెనక్కి తిరుగుతమా?" అంటారు మా ప్రిన్సిపల్ మేడం. ఆవిడది ఖమ్మం. మాట మెత్తన, పట్టు గట్టి.

చిక్కేమిటంటే, ఒడ్డు దగ్గర నీటికి నడక లేదు. పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని, పాడుతూ, అరచేతులతో నీళ్లు నెట్టి అలలు లేపుతారు. ఆ అలల మీద బతుకమ్మ ఆగి ఆగి, అలిగి అలిగి పోతుంది. నా లెక్కలో ఇది శక్తి వృథా. లోపల జబ్బు కదిలింది.

సరిగ్గా అప్పుడే తొమ్మిదో తరగతి సమ్మక్క ల్యాబుకు వచ్చింది.

"సార్, మీరు ఇంజనీరంట గదా?"

"అవును. ఏం?"

"బతుకమ్మ జల్దీ పొయ్యేటట్టు ఏమన్న చెయ్యరాదు? నిరుడు అది మలుపు తిరిగేసరికి మా ఊరి బస్సు ఎల్లిపోయింది. దినానికి ఒక్కటే బస్సు సార్. నేను, మా నాయిన వరండల పండుకున్నం. ఈసారి తెల్లారే మా ఊర్ల పండుగ. మా అవ్వ కండ్లల్ల వత్తులేసుకోని సూస్తంటది."

"ఈసారి నువ్వు బస్సెక్కుతావు. అదీ కిటికీ పక్క సీటు," అన్నాను.

మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే. మూడు రోజులు నిద్ర మానలేదు కానీ నిద్రలో కూడా గీతలు గీశాను. బతుకమ్మను పేర్చే వెదురు సిబ్బి కింద, తేలడానికి రెండు మూతలేసిన పైపులు. నడవడానికి మోటారు, దానికి చిన్న పంకా. బలానికి బైకు బ్యాటరీ. నీళ్లు చొరకుండా మోటారునూ బ్యాటరీనీ డబ్బాలో పెట్టి లప్పంతో మూసేశాను. బయటికి పంకా, ఒక ప్లాస్టిక్ పట్టీ మాత్రం వదిలాను. అది లాగితే మోటారు తిరుగుతుంది.

మేడం అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచిగనే ఉంది బాబూ. మరి ఆపుడెట్ల?"

"ఆపే అవసరమేముంది మేడం? మనకు కావాల్సింది పోవడమే కదా!"

ఇంత తెలివైన జవాబు నా జీవితంలో అంతకుముందు చెప్పలేదు, ఆ తర్వాత చెప్పే ధైర్యం చేయలేదు.

వంటశాల వెనక నీళ్లతొట్టిలో పరీక్ష పెట్టాను. దారం కట్టి చేత్తో పట్టుకుంటే సిబ్బి ఇటు చివర నుంచి అటు చివరకు బాణంలా పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆరో తరగతి పొట్టిపిల్ల ఒకతి మాత్రం వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించి అడిగింది.

"సార్, పడవకంటే మూతి ఉంటది. ఇది గుండ్రంగున్నది గదా, దీనికి ఎటు ముంగటనో ఎట్ల తెలుస్తది?"

"అవన్నీ పై తరగతుల్లో చెప్తారమ్మా," అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తొట్టిలో గెలిచి వాగులోకి దిగమని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ రోజు రానే వచ్చింది. తంగేడు, గునుగు, బంతి, పైన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మ. సమ్మక్క భుజాల దాకా వచ్చే బతుకమ్మ. గేటు దగ్గర బస్సు. మెట్ల మీద సమ్మక్క వాళ్ల నాయిన ముత్తయ్య, చంకలో కూతురి బట్టల మూట. పాట అందుకున్నారు. నలుగురు పిల్లలతో కలిసి బతుకమ్మను నీళ్లలో పెట్టి పట్టీ లాగాను.

పోయింది! ఎంత దర్జాగా పోయిందనుకున్నారు! పిల్లలు కేరింతలు. నేను రాకెట్టు పంపినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వాగు మధ్యకు పోయాక బతుకమ్మ కాస్త తటపటాయించింది. పొయ్యి ఆర్పానో లేదో అని గుర్తొచ్చిన ఇల్లాలిలా మెల్లగా వెనక్కి తిరిగింది. తిన్నగా వచ్చి మేడం కాళ్ల దగ్గర మెట్టును తాకి ఆగింది.

"ఏందయ్యా ఇది, మళ్ల వచ్చింది?"

"మొదటిసారి కదా మేడం, అలాగే ఉంటుంది," అని ముందుకు తోశాను.

మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా తొందరగా వచ్చింది, దారి అలవాటైంది కదా. తొట్టిలో దాన్ని తిన్నగా నడిపింది మోటారు కాదు, నా చేతిలోని దారమని అప్పుడు వెలిగింది.

ముత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "అత్తగారింట్ల ఏదో పంచాయితీ ఉన్నట్టుంది సారూ. బిడ్డకు పోబుద్ధి అయితలేదు."

ఒడ్డంతా ఘొల్లుమంది. పిల్లలు తమ పాత పద్ధతిలో నీళ్లు నెట్టి అలలు లేపారు. నా మోటారు ఆ అలలను చీల్చుకుంటూ ఒడ్డుకే వచ్చింది. నేను చేసిన వస్తువు ఇంత బలంగా పనిచేయడం అదే మొదటిసారి.

కండక్టరు దిగి వచ్చాడు. "సారూ, మీ అమ్మవారు పోతదా, మమ్మల్ని పొమ్మంటరా? ఇంక జరసేపు చూస్త, అంతే."

సమ్మక్క పాడుతూనే నా పక్కకు జరిగింది. "సార్, బ్యాటరీ ఎంతసేపుంటది?"

నాకంటే ముందు నాలోని ఇంజనీరు జవాబిచ్చాడు. "రాత్రి అన్నాలదాకా గ్యారంటీ!"

ఆ పిల్ల తిరిగి నాయిన చంకలోని మూట వైపు చూసింది, అంతే. నాకు అక్కడే వాగులో మునిగిపోవాలనిపించింది.

"ఒడ్డుకు తీసి ఆపేస్తాను మేడం."

"నీళ్లల్ల ఇడిసిన బతుకమ్మను మళ్ల ఒడ్డుకెక్కియ్యరు."

"అయితే కింద డబ్బా పీకేస్తా."

"ఇంతమంది ముంగట గౌరమ్మను ఒరగబెట్టి పీకుతవా? కండ్లు పోతయ్ బాబూ."

తీయకూడదు. విప్పకూడదు. ఆగితే బస్సు పోతుంది. వరసలో ఇక మిగిలింది నేనే. బూట్లతో సహా దిగాను. మోకాళ్లు, ఆ తర్వాత నడుము. సిబ్బి అంచు రెండు చేతులా పట్టుకుని నడిపించడం మొదలుపెట్టాను. అది ఒడ్డుకు లాగుతుంది, నేను మలుపుకు లాగుతాను. సంతకు రానని మొరాయించే దూడకూ నాకూ మధ్య జరిగినట్టుంది ఆ పోరు. పంతం దానికెంతుందో నాకూ అంతే ఉంది. దానికి బ్యాటరీ ఉంది, నాకు సమ్మక్కకు ఇచ్చిన మాట ఉంది.

ఈలోపు పిల్లలకు పాటలు అయిపోయాయి. వచ్చిన బతుకమ్మ పాటలన్నీ పాడారు, తమ ఊళ్ల రేల పాటలు పాడారు. పాట ఆపకూడదు కదా! సమ్మక్క అప్పటికప్పుడు కొత్తది కట్టింది.

"మోటరు వెట్టిండు ఉయ్యాలో
మొత్తుకోవట్టిండు ఉయ్యాలో
అమ్మ పోనన్నది ఉయ్యాలో
సారు పోతున్నడు ఉయ్యాలో!"

ముత్తయ్యతో సహా అందరూ అందుకున్నారు. కండక్టరు తాళం వేశాడు. నేను ఆ పాట మధ్యలో, నడుములోతు నీళ్లలో, బతుకమ్మను కావలించుకుని మలుపు తిరిగాను.

"కనవడ్తలేదు!" అని ఒడ్డున ఒకటే అరుపులు. కాళ్ల చప్పుళ్లు. హమ్మయ్య అని చేతులు వదిలానో లేదో, అది మళ్లీ తిరుగుముఖం పట్టింది. పై కొసన గుమ్మడిపువ్వు కనిపించినా చాలు, ఆచారం ప్రకారం కథ మొదటికొస్తుంది. గబుక్కున పట్టుకున్నాను. అలాగే నిలబడ్డాను. గేటు దగ్గర హారన్ మోగింది. సమ్మక్క గొంతు అడవి అంతా వినబడేలా వచ్చింది.

"సార్! ఎక్కినం! కిటికీ పక్కనే!"

బస్సు చప్పుడు దూరమయ్యాక కూడా వదల్లేదు. ఎవరికి తెలుసు, రివర్సులో వస్తే?

పొద్దు వాలుతుండగా మేడం గట్టు వెంట వచ్చారు. ఒక చేతిలో విస్తరి, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు.

"అందరు పోయిండ్రు. ఇగ విప్పుకో, ఎవ్వరు సూస్తలేరు," అని ఆవిడ అటు తిరిగారు. "తర్వాత పెరుగన్నం తిను."

డబ్బా ఊడదీశాను. నా ఇంజనీరింగు వదిలిన మరుక్షణం బతుకమ్మ ప్రవాహం మధ్యకు జరిగి, ఎవరూ తోయకుండా, ఎటూ తిరగకుండా, గోదావరి వైపు హాయిగా వెళ్లిపోయింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మరుసటి ఏడు అదే రోజు నేను ల్యాబు తలుపు వేసుకుని కూర్చున్నాను. తలుపు తట్టారు. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు, తలల్లో బంతిపూలతో.

"సార్, టైమైంది. రాండ్రి."

"ఎక్కడికి?"

"వాగులకు. బతుకమ్మను పట్టుకోని సారే మలుపు దాటియ్యాలె గదా. మా బడి ఆచారమంట."

"ఎప్పటినుంచి?"

"తాతల కాలం నుంచి ఉన్నదంట సార్. సమ్మక్క అక్క చెప్పింది."

వాళ్ల వెనక మేడం. "ఏం బాబూ, ఆచారం చెడగొడతవా?"

కాబట్టి పాఠకులారా, తంగేడు సాక్షిగా, గునుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ పండగనూ తొందరపెట్టను. ఈ ప్రమాణాన్ని నేను ఆషామాషీగా చేయడం లేదు. ఏటేటా, బడి అంతా చూస్తుండగా, నడుములోతు నీళ్లలో నిలబడి చేస్తున్నాను.