నల్లపెయ్య మూడో పాట

మా తాత మాలకీ కిల్డఫ్‌కి ఒకటే జబ్బు. నల్లపెయ్య వాళ్ళ సీడీ ఎక్కడ కనిపించినా కొనకుండా ఇంటికి రాలేడు.

నల్లపెయ్య అంటే మా బాలినస్లో ఊరి కుర్రాళ్ళు నలుగురు కట్టుకున్న రాక్ బృందం. అమెరికా నుంచి గళ్ళ చొక్కాలూ, దువ్వని జుట్టూ, గోడలు బీటలిచ్చే గిటార్లూ వచ్చిపడుతున్న తొంభైల మొదట్లో వీళ్ళూ అదే మోత మోగించి ఒక ఆల్బం తెచ్చారు. రెండోది రాలేదు. ఉన్న ఒక్కదాన్నీ మా రేడియో ఒకసారి వేసింది. అదీ సగంలో ఆపి మరణవార్తలు చదివింది. పోయినవాళ్ళ పేర్లు వినడానికే రేడియో పెట్టే ఊరు మాది. ఆగిపోయిన పాట ఎవరికీ గుర్తులేదు.

అట్ట మీద వానలో నిలబడ్డ పెయ్య బొమ్మ ఉంటుంది. అది తన పెయ్యేనని తాత వాదన.

"మన బ్రిడీని పరాయి కొట్లో వదిలేసి రమ్మంటావా ఫిల్?" అనేవాడు నాయనమ్మతో, చంకలో ఇంకో సీడీ పెట్టుకుని.

"మన బ్రిడీ ఎర్రది కదయ్యా."

"తడిసింది. తడిస్తే నల్లబడదూ?"

చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్టులో ఎన్ని కొన్నా మళ్ళీ వారానికి ఇంకొన్ని తేలేవి. ఇంటినిండా పెయ్యలే. పెళ్ళికి వెళ్తే పెయ్య, బాప్తిస్మానికి పెయ్య. ఇల్లు దీవించడానికొచ్చిన కొత్త ఫాదర్‌కీ ఒక పెయ్య. పాపం ఆయన, అట్ట మీద పెయ్యని చూసి, క్రీస్తు పుట్టింది పశువుల పాకలో కదా, క్రిస్మస్ పాటలేమో అనుకుని ముసలివాళ్ళ టీ పార్టీలో పెట్టాడు. మొదటి పాటకే చెవి మిషన్లన్నీ కలిసి కూశాయి.

"ఇంతకీ నువ్వెప్పుడైనా విన్నావా?" అని నాయనమ్మ అడిగితే, "పెయ్యని చూస్తారు గానీ వింటారా?" అనేవాడు.

అక్టోబరులో గుర్రాల సంతకి చుట్టాలొస్తారు. తాత సంతలో బేరాలు చూస్తుండగా నాయనమ్మ వాళ్ళ కోసం గది ఖాళీ చేసింది.

"ఫిల్, పెయ్యలేవీ?" అన్నాడు వస్తూనే.

"చర్చి కొట్టుకిచ్చేశాను. కొట్టు చూసే కన్సెప్టా కిటికీ నిండా పేర్చింది. ముచ్చటగా ఉంది."

తాత కుర్చీలో కూలబడ్డాడు. "ఫింటన్ బస్సు అటే వెళ్తుందే."

ఫింటన్ అంటే ఒకప్పటి నల్లపెయ్య గాయకుడు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు.

"ఒకసారి వాణ్ణి ఆ కొట్లో చూశాను," అన్నాడు తాత, చేతుల్లో టోపీ నలుపుతూ. "సీడీల బుట్ట ముందు నిలబడి, తన సీడీకే చొక్కా అంచుతో దుమ్ము తుడిచి బుట్టలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడు. ఊరంతా తనని పారేసిందని వాడికి వారం వారం కనబడాలా చెప్పు. అందుకే ఖాళీ చేస్తూ వచ్చాను."

"మరి బ్రిడీ?"

"అది ఎవరి దూడో నాకేం తెలుసే."

నాయనమ్మ ఏప్రాన్ మీదే కోటు తొడుక్కుంది. "నువ్వు కూర్చో. నీ మోకాలితో నువ్వు చేరేసరికి బస్సు డబ్లిన్ దాటుతుంది."

ఆమె వెళ్ళేసరికే బస్సు కొట్టు ముందు ఆగి ఉంది. లోపల ఫింటన్, చేతిలో అట్టపెట్టెతో, కిటికీలోని పెయ్యల్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరో అన్నీ తిరిగిచ్చేశారు, ఫిల్ ఆంటీ," అన్నాడు. "మా గరాజులో అమ్ముడుపోనివి నేనే వారం వారం తెచ్చి ఇక్కడ పెడుతుంటాను. ఇట్టే మాయమయ్యేవి. ఎవరో వింటున్నారు కదా అని ధైర్యం చేసి, మావాళ్ళని మళ్ళీ పోగేశాను. ఆదివారం హాల్లో వాయిద్దామనుకున్నాం. ఇప్పుడు ఎవరి కోసం వాయించాలి?"

నాయనమ్మ రోజూ జపమాల తిప్పే మనిషి. అయినా అబద్ధం నున్నగా ఆడింది.

"అవి మా ఆయనవి నాయనా. పొద్దస్తమానం అవే పెడుతుంటే నా తల పగిలి తెచ్చి పడేశాను. అవి లేకుండా గడప తొక్కొద్దన్నాడు."

"మాలకీ అంకులా?" ఫింటన్ పెట్టె కింద పెట్టేశాడు. "ఏ పాట ఇష్టం ఆయనకి?"

"మూడోది."

"మూడోది పాట కాదాంటీ. మేం తీగలు శ్రుతి చేసుకుంటుంటే పొరపాటున రికార్డయిపోయింది."

"అదే. అది మొదలైతే ఆయన్ని కదిలించలేం."

ఆదివారం హాల్లో మొదటి వరసలో తాత. చెవి మిషన్ కోటు జేబులో. వేదిక వెనక తెర నిండా పెద్ద పెయ్య.

"మాలకీ అంకుల్ కోసం, మూడోది," అన్నాడు ఫింటన్. ఆ తర్వాత నలుగురూ కలిసి తీగలు బిగిస్తూనే ఉన్నారు. ఫాదర్ లేచి బయటికెళ్ళి, వచ్చి చూసినా ఇంకా బిగిస్తున్నారు. తాత మాత్రం తాళం తప్పకుండా, అంటే ఎవరి తాళానికీ కలవకుండా, తల ఊపుతూ కూర్చున్నాడు.

అయ్యాక అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. ఫింటన్ ముఖం చూడాలి అప్పుడు.

నాయనమ్మ ఆయన జేబులోంచి మిషన్ తీసి చెవిలో పెట్టి, "ఎలా ఉంది?" అంది.

తాత తెర వంక చూశాడు.

"మన బ్రిడీయే," అన్నాడు.