నా గీజరు, మా మావగారి మీసం

మా మావగారు ఏ వస్తువూ పాడైందని ఒప్పుకోరు. ఒప్పుకోరంటే ఒప్పుకోరంతే. గుడ్డ చిరిగిపోయి చువ్వలే మిగిలిన గొడుగు చూపించినా, "దానికేం, చిన్న లోపం!" అంటారు. ఆగిపోయిన గోడగడియారాన్ని మూడేళ్లుగా విప్పుతూ, బిగిస్తూ, "రేపు చూడమ్మాయ్" అంటున్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

అలాంటాయన చేతికి నా గీజరు చిక్కింది. నా మొదటి జీతంతో, ఎవర్నీ అడక్కుండా, తగుదునమ్మా అని నేనే కొనుక్కొచ్చాను. వారంటీ ముగిసిన మర్నాడే మొరాయించింది. ఒకరోజు సలసల కాగే నీళ్లు, ఇంకోరోజు చన్నీళ్లు. ఏ రోజేదో ఒంటినిండా సబ్బు రాసుకున్నాక గానీ తెలిసేది కాదు. "నీ డబ్బా బ్రహ్మాండం!" అని మా ఆయన ఎత్తిపొడుపొకటి. ఒళ్లు మండిపోయేది. అయినా ఏమనను? తెచ్చింది నేనాయె!

మెకానిక్ వచ్చి మూత విప్పి పెదవి విరిచాడు. "కాయిల్ పోయింది, ట్యాంకు తుప్పు పట్టింది. కొత్తది కొనుక్కోండి పెద్దాయనా."

"నీకు చేతకాలేదని చెప్పు! దానికేం, చిన్న లోపం."

"నాన్నా, పారేద్దాం దాన్ని," అన్నారు మా ఆయన.

"పారేస్తావా? ఈ గీజరుండగా నా కోడలు ఒక్కపూట చన్నీళ్లు పోసుకుంటే ఈ మీసం తీయించేస్తా!"

ముప్పయ్యేళ్ల మీసమది. మెకానిక్ కూడా జాలిగా చూశాడు.

ఆరోజు గీజరుతో యుద్ధం మొదలైంది. స్నానాలగదిలోంచి ఠంగుఠంగున మోతలు, "నువ్వా నేనా తేల్చుకుందాం రా!" అని సవాళ్లు. మర్నాడు నేను లేచేసరికి బకెట్ నిండా వేడినీళ్లు! ఆ మర్నాడూ అంతే. కానీ ఆయన తప్ప ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదట. "దాని కిటుకు నాకొక్కడికే తెలుసు!"

మూడు వారాల తర్వాత ఒకరోజు ఆఫీసుకి తొందరగా వెళ్లాల్సొచ్చి, గంట ముందే లేచాను. వంటింట్లో పొయ్యిమీద పెద్ద గిన్నె, దానిమీద ఆవిరి, పక్కన తువ్వాలు కట్టుకుని మా మావగారు. గీజరు కాయిలేమో ఆయన పనిముట్ల డబ్బాలో పడుంది.

"ఇదేంటి మావయ్యగారూ!"

"ష్! వాడు లేస్తాడు."

"రోజూ ఇలాగేనా? మరి మీకు?"

"చన్నీళ్లు. ఒంటికి మంచిదే."

"కొత్తది కొంటామంటే మా మీద యుద్ధానికొచ్చారు కదా!"

ఆయన మసిగుడ్డని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "నీ మొదటి జీతం కదమ్మాయ్. దాన్ని గోడకి బిగించిన రోజు నీ మొహం ఎంత వెలిగిపోయిందో నేను చూశాను. దాన్ని వాడు డబ్బా అంటుంటే నువ్వు తలొంచుకున్నావు. అననిస్తానా? అది చచ్చినా సరే, నేను ఒప్పుకోను!" మీసం తడుముకున్నారు. "తీయించేయమంటావా?"

నాకు నవ్వాగలేదు. గిన్నె రెండో చెవి పట్టుకున్నాను.

గంట తర్వాత మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "ఏమాటకామాటే, నీ గీజరు ఈమధ్య భలే పనిచేస్తోందే!"

మా మావగారు పేపరు చాటుకి తప్పుకున్నారు.

"దానికేం," అన్నాను, తలెత్తి. "చిన్న లోపం ఉండేది. మావయ్యగారు సరిచేశారు."

పేపరు పైనుంచి మీసం మెలి తిరిగింది.