మూడు నీళ్లు పోయని శనివారం

నా చిన్నప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పక్క వాటాలోని పెద్దమ్మ మాకు బంధువు కాదు. ఒకే సంఘానికి వెళ్లడం వల్ల కలిసిన వరస అది. నారాయణగూడలోని మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజన సంస్కారం జరిగేది. ద్రాక్షరసం పోసే చిన్న గాజు గ్లాసులను ముందురోజు పెద్దమ్మ కడిగేది. సబ్బుతో తోమి, ఒక్కొక్కదానికి మూడు నీళ్లు పోసి, తెల్లటి గుడ్డ మీద బోర్లించేది. వేదిక మీద నుంచి ఆమె పేరు ఎవరైనా చెప్పగా నేను వినలేదు. గ్లాసులుండే గది తాళంచెవి మాత్రం ఆమె కొంగున ముడివేసి ఉండేది. చదువు, భర్త, పిల్లలు, ఏదీ లేని ఆమెకు సంఘంలో ఉన్న స్థానం ఆ తాళంచెవే.

నాకు పదేళ్ల వయసులో, అటువంటి ఒక శనివారం ఆమెకు జ్వరం వచ్చింది. తరచూ వెంట వెళ్లి సాయం చేసేదాన్ని కనుక, తాళంచెవి నా చేతిలో పెట్టింది. గర్వంగానే వెళ్లాను. కానీ వీధిలో స్నేహితురాళ్లు ఆటకు ఎదురుచూస్తున్నారు. గ్లాసులన్నిటికీ సబ్బు పట్టించి, ఒక్క బకెట్టు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, తాళం వేసి వచ్చేశాను.

"మూడు నీళ్లు పోసినవా బిడ్డా?" అని తాళంచెవి తీసుకుంటూ పెద్దమ్మ దుప్పటిలో నుంచి అడిగింది.

"పోసిన పెద్దమ్మా" అన్నాను. తడుముకోలేదు కూడా.

మరునాడు అందరూ తలలు వంచి ఆ రసం పుచ్చుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. వెనుక వరుసలో ఇంకొకరు దగ్గారు. పాస్టరుగారు కళ్లు మూసుకునే మింగారు. ఆరాధన ముగిసి వరండాలోకి రాగానే ఒకావిడ, "ద్రాక్షరసమా, బట్టలు పిండిన నీళ్లా అక్కా ఇది!" అంది. నలుగురు నవ్వారు. సంఘపెద్ద మాత్రం నవ్వలేదు.

"గ్లాసులు ఎవరు కడిగిన్రు?"

జ్వరంతోనే వచ్చి నిలబడిన పెద్దమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

"తాళంచెవి నాది గదయ్యా. తప్పు గూడ నాదే."

"ఇగ నీతోని కాదు గానీ, తాళంచెవి ఇటియ్యి."

బిగుసుకుపోయిన కొంగు ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఒక్క మాట చెప్పడానికి నాకు అది చాలినంత సమయం. నేను నోరు తెరవలేదు.

ఇంటికి వస్తూ దారి పొడవునా తిట్ల కోసం ఎదురుచూశాను. ఆమె ఏమీ అడగలేదు. మా అమ్మకూ చెప్పలేదు. మరుసటి శనివారం చీపురు పట్టుకుని గ్లాసులు కడగడానికి వెళ్లే వేళకే చర్చికి బయలుదేరింది.

"తాళంచెవి గుంజుకున్నరు గద పెద్దమ్మా, ఇంకెందుకు పోతున్నవ్?"

"గుంజుకున్నది వాళ్లు బిడ్డా. యేసయ్య రావద్దన్లేదు గద."

ఆనాటి నుంచి కాళ్లు సహకరించినన్నాళ్లూ చర్చి మెట్ల మీది ఇసుక ఊడ్చింది. తాళంచెవి ఆమెకు మళ్లీ దక్కలేదు.

ఇప్పుడు ఆ దారిలో మెట్రో కోసం రోడ్డు తవ్వుతున్నారు. నేను ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలను వరుసలో నిలబెట్టి నిజం చెప్పించినదాన్ని. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు మా ఆరాధనకు వస్తారు. వారికి సేవను గురించి బోధించమని నన్నే పిలుస్తారు. క్రమాన్ని గురించి, సమయపాలన గురించి చెబుతాను. పెద్దమ్మ పేరు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆమె ఎటువంటిదో చెప్పాలంటే నేను ఎటువంటిదాన్నో చెప్పవలసి వస్తుంది.

ఆమెను ఎరిగినవారు సంఘంలో ఇంకా ఇద్దరో ముగ్గురో మిగిలారు. వారి జ్ఞాపకంలో ఆమె గ్లాసులు సరిగా కడగలేకపోయిన ముసలమ్మ. వారు ఉండగానే ఇది వ్రాయాలి. ఆ శనివారం గ్లాసులు కడిగింది నేను.