వెండి గని రెండో క్యాసెట్

ఆ రోజుల్లో దుబాయ్ క్యాంపుల్లో ఇంగ్లీషు వచ్చినవాడికి ఉల్లిపాయలు తరిగే పని ఉండేది కాదు. ఇప్పటివాళ్ళకి ఇదేం గొప్ప హోదాగా అనిపించకపోవచ్చు. కానీ పొద్దంతా సైటులో ఎండకి మాడి వచ్చినవాడు మళ్ళీ పొయ్యి ముందు నిలబడి గదిలో ఉన్న అందరికీ కూర వండాలంటే, ఆ వంతు తప్పించుకోవడానికి మనిషి ఎంతకైనా తెగిస్తాడు. నేను బి.ఏ. దాకా తెగించాను. (కాలేజీలో చేరేటప్పుడు ఈ ప్రయోజనం తెలియదు. తరవాత ఆ డిగ్రీ వల్ల నాకు ఒరిగిందేమిటా అని ఆలోచిస్తే ఇదొక్కటే తేలింది.)

మా క్యాంపు జెబెల్ అలీ దగ్గర ఉండేది. అక్కడ నేను టైమ్ కీపర్ని, అంటే ఎవడు ఎన్నింటికి పనిలోకి దిగాడో రాసేవాణ్ణి. మా గదికి పెద్ద, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. ఆయన్ని క్యాంపు మొత్తం పెద్దన్న అనేది. నేను గదిలో దిగిన మొదటి వారంలోనే ఆయన నా చేత ఒక దగ్గుమందు సీసా మీది ఇంగ్లీషు చదివించి, సంతృప్తిగా తలాడించి, "తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. నీకు వంట వంతు లేదు. నువ్వు మాకు ఇంగ్లీషు సెప్పు, మేము నీకు బువ్వ పెడ్తం" అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నచ్చనివాడు గదిలో ఒక్కడే, కోనసీమ నుంచి వచ్చిన వడ్రంగి. అందర్నీ బావా అని పిలుస్తాడు గనక అతనికీ బావ అనే పేరే స్థిరపడింది. "ఈయన ఇంగ్లీషు మనమెవరం వినలేదండోయ్! సైటు మేనేజరు దొర ఇటు వస్తుంటే ఈయన అటు స్నానానికి పోతాడు" అనేవాడు. మనిషి మంచివాడే. చూపు కొంచెం ఎక్కువ.

బావ మాటలో అబద్ధమేమీ లేదు. మా కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు ఇంగ్లీషుని తెలుగులో బోధించేవారు. ఆయన దృష్టిలో అది చదవడానికీ, పరీక్ష రాయడానికీ ఏర్పడిన భాష. దాన్ని మనుషులు నోటితో కూడా మాట్లాడతారన్న అనుమానం మాకు రానివ్వలేదు. అందుకని దొర నోరు తెరిచినప్పుడల్లా నేను "ఎస్ సార్" అని, తరవాత ఆయన వేలు ఎటు చూపించాడో దాన్నిబట్టి విషయం గ్రహించేవాణ్ణి. అలా నెట్టుకొస్తుండగా వచ్చింది ఆ శుక్రవారం.

శుక్రవారం సాయంత్రం మెస్ హాల్లో వీడియో వేయడం మా క్యాంపు ఆచారం. దుబాయ్‌లో డేరా అనే పేట ఉంది, అక్కడి మలయాళీ షాపు నుంచి క్యాసెట్ తెచ్చేవారు. హిందీ సినిమా అయితే ఎవరి అవసరమూ లేదు. హిందీవి అయిపోయి ఇంగ్లీషు సినిమా వచ్చిందంటే మాత్రం టీవీ పక్కన ఒకడు నిలబడి, తెర మీద వాళ్ళు అనేదంతా తెలుగులో చెప్పాలి. బుర్రకథకి వంతపాట లాగ. ఆ పని హైదరాబాదు ఎలక్ట్రీషియన్ ఒకాయన చేసేవాడు. ఆ వారం ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళాడు. ఆ వారమే షాపులో హిందీ క్యాసెట్లు అయిపోయాయి. ఆ వారమే పెద్దన్న బామ్మర్ది దగ్గర్లోని అజ్మాన్ పట్నం నుంచి వస్తున్నాడు.

ఈ బామ్మర్ది గురించి చెప్పాలి. వచ్చినప్పుడల్లా రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ భుజాన వేసుకుని వచ్చి, మా క్యాంపులో ఏది చూసినా "మా అజ్మాన్‌ల గిట్ల ఉండది" అనేవాడు. నీళ్ళైనా అంతే, నిద్రైనా అంతే. బామ్మర్ది ముందు చులకన కావడం ఏ బావకైనా కష్టమే. అందుకని పెద్దన్న ఆయనకి ముందే కబురంపాడట: "మా తాన ఇంగ్లీషు సినిమాకు తెలుగు సెప్పెటోడున్నడు. బి.ఏ. పాసైండు. అజ్మాన్‌ల ఉన్నడా గసొంటోడు?" ఈ సంగతి నన్ను టీవీ పక్కన నిలబెట్టిన తరవాత నాకు తెలిసింది.

సినిమా మొదలైంది. నలుపూ తెలుపూ. అతి పాతది. తెర నిండా ఎడారి కనపడగానే హాలు మొత్తం నిట్టూర్చింది. "ఈడ గూడ గిదేనా!" అన్నారెవరో. ఇంతలో గుర్రం మీద ఒకడు గిటారు వాయించుకుంటూ, ఎవరూ అడక్కుండానే పాడుకుంటూ వచ్చాడు. పాట అయ్యాక మాట్లాడాడు. ఆ మాట నోట్లోంచి కాదు, ముక్కులోంచి వచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతని గుర్రం సకిలించినప్పుడు మాత్రం కొంత అర్థమైంది. "ఏమంటుండు తమ్మీ?" అన్నాడు పెద్దన్న, బామ్మర్ది వైపు ఓరగా చూస్తూ.

అప్పుడు నేను చదువుని పక్కన పెట్టి, చిన్నప్పటి నుంచి చూసిన సినిమాల మీద ఆధారపడ్డాను. అతణ్ణి ఎగాదిగా చూశాను. మీసం లేదు. చొక్కాకి పొడుగునా కుచ్చులు వేలాడుతున్నాయి. అస్తమానూ నవ్వుతున్నాడు. పాట పాడితే పక్కన హీరోయిన్ లేదు, గుర్రం ఉంది. ఇటువంటివాడు హీరో కావడం అసంభవం. "ఇతను ఇంటి పాలేరు. గుర్రాలు కాస్తాడు. కొంచెం పిచ్చి" అన్నాను. హాలు ఒప్పుకుంది. ఆ వెంటనే నల్లకోటు వేసుకుని, కోరమీసంతో, నలగని ప్యాంటుతో ఒక నిండైన మనిషి వచ్చాడు. "ఇదిగో, దొరగారు. హీరో" అన్నాను. ఈలలు పడ్డాయి.

ఇక నాకు అడ్డే లేకపోయింది. 'సిల్వర్' అనే మాట నాలుగైదుసార్లు వినపడడంతో ఇది వెండి గని తగాదా అని తేలిపోయింది. గని మీసాలాయన తాత సంపాదించిందనీ, ఇప్పుడు అందులో పని చేయిస్తున్న గెడ్డం ముసలాయన దాన్ని కాజేశాడనీ, అయినా ఆయన స్వయానా మేనమామ గనక మీసాలాయన మర్యాదకి ఊరుకుంటున్నాడనీ చెప్పాను. ముసలాయన కూతురు మీసాలాయన్ని చెంపమీద కొట్టింది. "మరదలు కదా, సరసం" అన్నాను. హాలు గొల్లుమంది. బామ్మర్ది టేప్ రికార్డర్ కింద పెట్టి, జనాన్ని తోసుకుని ముందుకొచ్చి కూచున్నాడు. ఆ యంత్రం ఆయన భుజం దిగడం అదే మొదటిసారి. పెద్దన్న ముఖం వెలిగిపోయింది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది, సిగ్గుపడాల్సింది అక్కడే.

ఎందుకంటే ఆ మరుక్షణం మా మీసాల హీరో బండచాటున నక్కి ముసలాయన్ని వెనక నుంచి తుపాకీతో కాల్చాడు.

"మేనమామను సంపిండేందిరా?" అన్నాడు బామ్మర్ది. జనం తెర వదిలి నా వంక చూశారు. అప్పుడే "ఏమోనండీ, నాకూ తెలియలేదు" అని ఉంటే అయిపోయేది. కానీ గంట నుంచీ తెలిసినట్టు మాట్లాడిన నోటికి ఆ మాట పలకడం చేతకాలేదు. "చంపింది ఆయన కాదు. తమ్ముడు. కవలలు. డబుల్ యాక్షన్" అన్నాను. అమ్మయ్య అని హాలంతా ఊపిరి పీల్చుకుంది. డబుల్ యాక్షన్ గురించి తెలుగువాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. అక్కణ్ణించీ మీసాలు కనపడినప్పుడల్లా "తమ్మీ, గీడు అన్ననా తమ్ముడా?" అని అడిగేవారు. మంచిగా కూచుంటే అన్న అనీ, తుపాకీ తీస్తే తమ్ముడనీ చెప్పేవాణ్ణి. మూల నుంచి బావ మాత్రం "మరి ఇద్దరూ ఒకేసారి కనపడరేంటండీ?" అన్నాడు. వినపడనట్టు నటించాను.

చివరికి గని గుహలో మీసాలాయన మీద కొండ విరిగిపడింది. గనీ, మరదలూ కలిసి పాలేరుకి దక్కాయి. వాడు యథాప్రకారం పాడుకుంటూ వెళ్ళిపోయాడు. బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "సచ్చినోడు తమ్ముడు. మరి అన్న ఏడబాయె?"

"రెండో క్యాసెట్‌లో వస్తాడు" అన్న మాట వినపడింది. ఎవరన్నారా అని చూస్తే నేనే.

ఆ వారమంతా సైటులో అదే చర్చ. కమ్మీలు కట్టేవాళ్ళు అన్న గుహలోనే ఉన్నాడనేవారు. సెంట్రింగ్ వాళ్ళు కాదు, పట్నం పోయాడనేవారు. అన్న తిరిగొచ్చి పాలేరు దగ్గర గని ఎలా లాక్కుంటాడో నాకే చెప్పారు. భోజనం దగ్గర చేప తలకాయ నా కంచంలో వేశారు. అది తినడం కష్టమైంది, ముళ్ళ వల్ల కాదు. ఇంకో వైపు బామ్మర్ది అజ్మాన్ నుంచి తన గదివాళ్ళందర్నీ రెండో క్యాసెట్ చూడ్డానికి తీసుకొస్తానని కబురు పెట్టాడు. శుక్రవారం నేను "షాపులో లేదట అన్నా" అని చూశాను. పెద్దన్న చెప్పులేసుకున్నాడు. "నడువ్. నేనొస్త. నేనడిగితే ఎందుకియ్యడు?" బావ కూడా చెప్పులేసుకున్నాడు, సరదాకి.

డేరా షాపులో మలయాళీ ఆయన క్యాసెట్లు తుడుస్తున్నాడు. నేను పాత క్యాసెట్ బల్ల మీద పెట్టి, ముందుకి వంగి, ఆయనకి కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా "సెకండ్ పార్ట్?" అన్నాను. "సెకండ్ పార్ట్ క్యా? పిక్చర్ ఖలాస్!" అన్నాడాయన గట్టిగా, సినిమా అక్కడితో సరి అని. పెద్దన్న ముందుకొచ్చాడు. "ఖలాస్ కైసా భాయ్? మూఛ్‌వాలే కా బడా భాయ్ కహాఁ గయా? చాందీ కా అస్లీ మాలిక్?" అని, వెండి గనికి అసలు హక్కుదారైన ఆ మీసాలాయన అన్న సంగతి నిలదీశాడు. షాపాయన గుడ్డ కింద పెట్టాడు. నవ్వు ఆపుకుంటూ, ఆ సినిమాలో మీసాలాయన ఒక్కడే ఉన్నాడనీ, వాడు దొంగనీ, గని ఆ అమ్మాయి తండ్రిదనీ, పాటలు పాడేవాడే హీరో అనీ హిందీలో ముక్కముక్కగా విడదీసి చెప్పాడు. ఆ పూట నా అనువాదం ఎవరికీ అవసరం కాలేదు.

బావ నోరు తెరిచాడు. పెద్దన్న అటు చూడకుండానే చెయ్యెత్తాడు, బావ మూసుకున్నాడు. అప్పుడు పెద్దన్న షాపాయనతో, "హమారా భాయ్ బరాబర్ బోలా. హమ్ హీ ఉల్టా సమ్‌ఝే" అన్నాడు. మావాడు సరిగానే చెప్పాడు, మేమే తలకిందులుగా అర్థం చేసుకున్నాం అని! నన్ను ఆ బజారులో నిలబెట్టి నాలుగు తిట్టినా నేను హాయిగా తట్టుకునేవాణ్ణి. ఇది తట్టుకోవడానికి మా కాలేజీలో ఏమీ నేర్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు అబ్రా ఎక్కాం, అంటే సముద్రపు పాయ దాటించే పడవ. బావ నీళ్ళ వంక చూస్తూ ఆ గుర్రం పాట కూనిరాగం తీశాడు. ఒడ్డు దగ్గరపడ్డాక పెద్దన్న అన్నాడు: "తెల్వదంటే అయిపోవు గదరా తమ్మీ. తెల్వదు అనుడు ఇంగ్లీషుల లేదా?"

సాయంత్రం బామ్మర్ది అజ్మాన్ బలగంతో దిగాడు. నేను హాలు బయటే నిలబడి విన్నాను. నా సంగతి పెద్దన్న చెప్పేస్తాడనే అనుకున్నాను. చెప్పడం న్యాయం కూడా. కానీ ఆ రోజు దాకా అబద్ధమాడగా నేనెన్నడూ చూడని మనిషి, అందులోనూ బామ్మర్ది ముందు, గొంతు సవరించుకుని, "రెండో క్యాసెట్ దుబాయ్‌ల దొరకదట" అన్నాడు. బామ్మర్ది ముఖం విజయగర్వంతో విప్పారింది. "మా అజ్మాన్‌ల దొరుకుతది. నేను తెస్త!" అన్నాడు. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. నేను ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ వెతుకుతూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా "దొరుకుతది తమ్మీ, రంది వెట్టుకోకు" అని నన్నే ఓదార్చేవాడు.

మర్నాడు డ్యూటీ దిగాక ఎవరూ చెప్పకుండానే ఉల్లిపాయల బుట్ట ముందుకి లాక్కుని కూచున్నాను. పెద్దన్న చూశాడు. వద్దంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. "సన్నగ కొయ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు. రెండు ఉల్లిపాయలు తరిగేసరికి కళ్ళు ధారగా కారాయి. బావ వచ్చి పక్కన చతికిలబడి, జాలిగా ముఖం పెట్టి, "ఊరుకోండి బావా. ఇంతకీ ఎవరి కోసం ఏడుస్తున్నారు? అన్న కోసమా, తమ్ముడి కోసమా?" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపాయలు నేనే తరుగుతాను. ఇంత సన్నగా ఎక్కడ నేర్చుకున్నారని మా ఆవిడ అడిగితే, బి.ఏ.లో అని చెబుతాను. మొన్నామధ్య ఆ సినిమా ఫోన్లో కనపడింది. కింద అక్షరాలు కూడా పడుతున్నాయి, చదవడం వచ్చినవాడికి ఇక ఇబ్బంది లేదు. మొత్తం చూశాను. మలయాళీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాటలవాడే హీరో, మీసాలవాడు దొంగ, కొండ విరిగిపడింది, అంతా అయిపోయింది. అయినా ఫోన్ కట్టెయ్యకుండా, కళ్ళజోడు సర్దుకుని, ఆ గుహ నోటి వంక కాసేపు చూస్తూ కూచున్నాను. అన్న వస్తాడేమోనని.