కొండపల్లి దారిలో డైనమో

ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయడానికి మూత తీసినప్పుడల్లా వచ్చే ఆ పుల్లటి, ముక్కు మండే వాసన నన్ను బెజవాడలో మా పాత వాకిట్లోకి లాక్కుపోతుంది. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వేలం వేసిన లారీ ఒకటి కొని, మా నాన్న మంగళగిరి చీరల మూటలు చుట్టుపక్కల ఊళ్ళకి తోలేవాడు. కొత్త చీరల గంజి వాసన, పెట్రోలు వాసన, బ్యాటరీ వాసన, ఎండకి కాలిన తోలు సీటు వాసన కలిసి అమ్మ వండే పప్పుచారులోకి కూడా వచ్చేసేవి.

ఊళ్ళన్నీ ఆవపిండి ఘాటుతో, చాపల మీద ఆరబెట్టిన మామిడి ముక్కలతో నిండిన ఒక వేసవిలో, నెలలు నిండిన మా పిన్నిని చూడడానికి అమ్మా నేనూ నాన్నతో పాటు లారీలో మైలవరం వెళ్ళాం. మేం దిగేసరికే పిన్ని నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మనీ మంత్రసాని చేతులెత్తేసింది. అమ్మ కాళ్ళు కూడా కడుక్కోలేదు. లారీలో గడ్డి పరిపించి, అమ్మకానికి తెచ్చిన చీరల మూటలు విప్పి దాని మీద మెత్తగా వేయించి, చెల్లెల్ని పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకుంది. బాబాయి ఎండ తగలకుండా చాప ఎత్తిపట్టి కూర్చున్నాడు. నేను ముందు, నాన్న పక్కన.

కొండపల్లి ఇంకా రాకముందే నాన్న మొహం మారింది. ఇంజను తిరుగుతుంటే డైనమో బ్యాటరీలోకి కరెంటు నింపాలి. అప్పుడు ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు కుడివైపు నిలుస్తుంది. అది ఎడమకి వాలిపోయి ఉంది. అంటే నింపేది లేదు, ఉన్నది ఖర్చవుతోంది. నాన్న లారీని పక్కకి తీసి ఇంజను కట్టేశాడు.

"ఆపారేంటండీ!" వెనకనుంచి అమ్మ అరిచింది.

"ఇప్పుడు నేను ఆపకపోతే ముందెక్కడో అదే ఆగిపోద్ది. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక ముందు హ్యాండిల్ పెట్టి తిప్పినా ఇంజను లేవదు."

"బాగవుద్దా?"

"చేస్తాను. నువ్వు మీ చెల్లెల్ని చూసుకో."

నాన్న బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. బ్యాటరీ తీగలు కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది డైనమో. సలసల కాలుతున్న దాని మీది పట్టీ విప్పుతుంటే వేళ్ళు బొబ్బలెక్కినా చెయ్యి వెనక్కి తీయలేదు. లోపల తిరిగే రాగి చక్రానికి ఆనుకుని ఉండాల్సిన రెండు బొగ్గుముక్కల్లో ఒకటి, దుమ్మూ నూనే పేరుకుని, తన గాడిలోనే బిగుసుకుపోయింది. గుడ్డ కావాలని నాన్న అనగానే అమ్మ కొత్త చీర కొంగు ఒకటి సర్రున చించి విసిరింది. పెట్రోలుతో తడిపి, బొగ్గుముక్క మళ్ళీ కదిలేదాకా గాడి తుడిచాడు, నల్లబడ్డ రాగిని మెరిసేదాకా రుద్దాడు. పిన్ని కేక వినబడ్డప్పుడల్లా ఆయన దవడలు బిగుసుకునేవి, చెయ్యి మాత్రం తొందరపడేది కాదు.

బాబాయి దిగి హ్యాండిల్ తిప్పాడు. లేవలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను దగ్గి, వణికి, అందుకుంది. ముల్లు కాసేపు ఊగిసలాడి కుడివైపుకి వెళ్ళి అక్కడే నిలబడింది. బాబాయి వెనకెక్కగానే నాన్న గేరు వేశాడు.

ఎండ తగ్గేలోపే ఆసుపత్రిలో ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. పిన్ని చాలాకాలం మంచం దిగలేకపోయింది గానీ బతికింది.

ఇప్పుడు మైలవరంలోనే ఆసుపత్రులున్నాయి. లారీ ఏనాడో తుక్కుకింద పోయింది. అమ్మా నాన్నా, పిన్నీ బాబాయీ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. చివరికి నిరుడు, మనవలూ మునిమనవలూ చుట్టూ ఉండగా, ఆనాటి ఆడపిల్ల కూడా కన్నుమూసింది. పుట్టడానికి ఆమె ఎలాంటి దారిన వచ్చిందో ఆ పిల్లలకి చెప్పడానికి ఇక నేనొక్కదాన్నే ఉన్నాను.