ఆ వార్త యాడ నుంచి రాసినారు?

నా చిన్నప్పుడు మైదుకూరు గ్రంథాలయం వరండాలో పేపరు పైకి చదివే పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. బడి ఐదో తరగతితోనే ఆగిపోయినా, అక్కడి బీరువాల్లో పుస్తకాలన్నీ చదివేశానన్న గర్వం ఉండేది.

మావైపు ఇంటికొకరు గల్ఫ్‌కు పోయేవారు. పక్కింటి అక్క భర్త అక్కడ లారీ డ్రైవరు. అతన్ని బావా అనేదాన్ని. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లబోయే రోజుల్లో, అతను పనిచేసే నగరంలో గొడవలని వార్తలు మొదలయ్యాయి. పోకపోతే పని పోతుంది. పోతే ఏమవుతుందోనని అక్క వారం రోజులుగా సరిగా తినలేదు.

ఆ ఉదయం ఇద్దరూ వరండాకు వచ్చి నాచేత చదివించుకున్నారు. పరిస్థితి అదుపులోనే ఉందని, దుకాణాలు తెరిచారని రాశారు. బావ ముఖం వెలిగింది.

"చూడు, పాపే చెప్తాండాది. నువ్వు ఊరికే ఏడుస్తాండావు" అని అక్కను ఎగతాళి చేశాడు. రేపే బయలుదేరతానన్నాడు.

మా చిన్నాయన ఆ పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఢిల్లీ పత్రికలో విదేశీ వార్తలు రాసేవాడు. యుద్ధాల వెంట దేశాలు తిరిగి, ఒక చెవి వినికిడి పోగొట్టుకుని సెలవు మీద వచ్చాడు.

"మొదట్లో చిన్నక్షరాలు వదిలేస్తివే?" అన్నాడు నాతో.

వార్త ఏ ఊరి నుంచి రాశారో చెప్పే ఆ ముక్కను, పైకి చదివే మేమెవరమూ పట్టించుకునేవాళ్లం కాదు. చదివాను. అది బావ పనిచేసే దేశం కాదు, దాని పక్క దేశంలోని ఊరు.

చిన్నాయన పాత పేపర్లు తెప్పించి, ఒక్కొక్కదాంట్లో ఆ ఒక్క మాటే నాచేత చదివించాడు. మొదట్లో వార్తలన్నీ బావ పనిచేసే నగరం నుంచే రాశారు. నాలుగు రోజులుగా మాత్రం అక్కడి నుంచి ఒక్క వార్తా లేదు. చదువుతూ ఉంటే నా గొంతు తగ్గిపోయింది.

"అంటే ఏం మామా?" అన్నాడు బావ.

"మా పేపరోళ్లు అంత సులువుగా ఊరు వదలరప్పా. లోపల ఏం జరుగుతాండాదో నాకూ తెల్దు. ఇది రాసినోడికీ తెల్దు."

"మీకేం, ఈడ కూచోని చెప్తారు. నా పని పోతే మీరిస్తారా?"

అక్క లేచి, బావ జేబులోని టిక్కెట్టు తీసి కొంగున ముడేసుకుంది.

మూడో రోజు రేడియోలో యుద్ధం మొదలైందని, విమానాలు ఆగిపోయాయని చెప్పారు. బావ బతికిపోయాడని వీధంతా అనుకున్నారు. కానీ ఆ ఉదయానికి ముందురోజే, నేను చదివిన ఇలాంటి చల్లని కబురే విని, మా వీధి చివరింటాయన అదే నగరానికి పోవడానికి బొంబాయి బండెక్కాడు. ఆయన దగ్గర నుంచి ఉత్తరం రాలేదు.

ఇప్పుడు ఎవరైనా ఫోనులో వార్త చూపించి నిజమేనా అని అడిగితే, ఎవరు ఎక్కడ నుంచి చెబుతున్నారో వెతుకుతాను. దొరక్కపోతే తెలియదంటాను. చివరింటాయన భార్య ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. ఎదురైతే నవ్వుతుంది, తిన్నావా అని పలకరిస్తుంది. పేపరు సంగతి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.